ఊరి పాత బడిని మళ్లీ తెరవడం ఎలా? ఒంటి గది బడిని కాపాడుకోవాలనుకునే వాళ్లకు

ఓరుగల్లు, ములుగు, జనగామ, భూపాలపల్లి వైపు ఊళ్లలో పాత బడి ఎక్కడో ఒక దగ్గర కనబడుతూనే ఉంటుంది. ఒకే గది, ముందు చిన్న వసారా, మందపాటి గోడలు, పైన కుమ్మరి చేసిన గూనపెంకలో, కంపెనీలో చేసిన బంగ్ల పెంకలో. ఊరి చివర కొత్త బడి కట్టాక దీనికి తాళం పడింది. తర్వాత వడ్ల కొనుగోలు గన్నీ సంచులు, విరిగిన బెంచీలు, పనికిరాని సామాను వచ్చి చేరాయి. ఏదో ఒక వానకాలం తర్వాత శిథిల భవనాల జాబితాలో పేరెక్కుతుంది, జేసీబీ వస్తుంది.

మీ ఊళ్లో అట్లాంటి గది ఉండి, నలుగురు కలిసి దాన్ని నిలబెట్టాలని అనుకుంటుంటే ఇది మీకోసమే. ముందే ఒక మాట చెప్తాను. మనుషులు మసలే గదిలో కప్పు కారితే ఆ రోజే తెలుస్తుంది. తాళం వేసిన గదిలో దూలం పుచ్చి కింద పడ్డాక గానీ తెలియదు. అందుకే బాగుచేత కంటే ముందు, రేపటి నుంచి ఆ తలుపు రోజూ ఎవరు తీస్తారు, ఎందుకు తీస్తారు అన్నది తేలాలి. అది తేలని చోట లక్షలు పోసి రంగులేసినా రెండేళ్లలో మళ్లీ తాళమే.

ముందు గదికి ఒక పని చూడండి

బతుకమ్మ, దసరా రోజుల్లో హైదరాబాదులో ఉన్నవాళ్లు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు అందరూ ఊళ్లోనే ఉంటారు. మొదటి కూర్చోవడం అప్పుడు పెట్టుకోండి. ఒక వాడలోనో, ఒక కులసంఘం భవనంలోనో పెట్టకండి, ఆ బడి ముందే పెట్టండి. వచ్చినవాళ్లను "ఈ గది ఉంటే మీకు ఏం పనికొస్తుంది?" అని అడగండి. కానిస్టేబుల్, గ్రూప్స్, డీఎస్సీకి చదువుకునే పిల్లలు నిశ్శబ్దంగా కూర్చునే చోటు అడుగుతారు. మహిళా సంఘం వాళ్లు నెలకు రెండుసార్లు కూర్చునే జాగ అడుగుతారు. పెద్దమనుషులకు పొద్దున పేపర్ చదువుకునే చోటు కావాలి. సాయంత్రం చిన్నపిల్లలకు హోంవర్క్ చేయించేవాళ్లు ఉంటే బాగుండునని తల్లులు అంటారు. గది ఒక్కటే కాబట్టి వేళలు పంచుకోవాలి. ఆ పట్టిక గోడకు అంటించే దాకా పోకపోయినా, కనీసం మాట మీదైనా ఖాయం చేసుకోండి.

నన్నడిగితే చదువుకునే గదిగా మార్చడమే మేలు. ఈ నేలకు అది కొత్త కాదు. హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లోనే మొదలైంది. నిజాం కాలంలో తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక జనం చేతికి అందింది ఎక్కువగా అట్లాంటి చోట్లనే. పైగా మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతున్నాయి. ఆ లెక్క చెప్పి జిల్లా గ్రంథాలయ సంస్థను పుస్తకాలు, పేపర్లు అడిగే హక్కు మీ ఊరికి ఉంది.

రెండు పనులకు మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి. ఒకటి, యూరియా, డీఏపీ బస్తాలు పెట్టడం. ఎరువులోని లవణాలు తేమతో గోడలోకి ఇంకి సున్నాన్ని, ఇటుకను లోపలి నుంచి పొడి చేస్తాయి. బస్తాలు తీసేశాక కూడా ఏళ్ల తరబడి ఆ గోడ రాలుతూనే ఉంటుంది. రెండు, లోపల పొయ్యి పెట్టే శుభకార్యాలు. బయట టెంటు వేసుకోనివ్వండి, లోపల వద్దు.

ఆ గది ఎవరిదో కాగితాల్లో తేల్చుకోండి

ఊళ్లో అందరికీ "సర్కారు బడి" అనే తెలుసు. కాగితంలో మాత్రం అది మండల పరిషత్‌ది కావచ్చు, గ్రామ పంచాయతీది కావచ్చు, విద్యాశాఖది కావచ్చు. ఒక పటేలో, ఒక రైతో నోటిమాట మీద ధర్మంగా ఇచ్చిన జాగ అయినా కావచ్చు. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల జాగలో ఉంటే వ్యవసాయ భూముల రికార్డులో దొరకదు. పంచాయతీ కార్యదర్శి దగ్గర ఆస్తుల రిజిస్టర్, తహసీల్దార్ ఆఫీసులో పాత సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణి అనే పాత భూమి రికార్డులు చూడాలి.

మాటతో కాగితం బయటికి రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

జాగ ఇచ్చిన కుటుంబం వాళ్లు ఎవరైనా ఉంటే మొదటి రోజే వాళ్లింటికి పోయి కలవండి. పని సగమయ్యాక "మా తాత ఇచ్చిన జాగలో మమ్మల్ని అడగకుండా" అన్న మాట వస్తే ఊరు రెండు ముక్కలవుతుంది. ముందే పోయి అడిగితే మాత్రం చాలాసార్లు వాళ్లే మొదటి చందా రాస్తారు.

ఆ తర్వాత గ్రామసభలో తీర్మానం చేయించి, దాని నకలుతో ఎంఈవో (మండల విద్యాధికారి) ద్వారా డీఈవోకు (జిల్లా విద్యాధికారి), కలెక్టర్‌కు దరఖాస్తు పంపాలి. పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్)తో భవనాన్ని చూపించి రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. శిథిలమని ముందే రాసి ఉంటే, ఏ భాగం శిథిలమో అందులో స్పష్టంగా రాయమని అడగండి. కప్పు పాడైనంత మాత్రాన గోడలు కూల్చాల్సిన పని లేదు. మీరు కనీసం ఏడుగురు ఉంటే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఒప్పందం సొసైటీ పేరుతో ఉంటే సర్పంచ్ మారినా, ఆఫీసర్ మారినా పని ఆగదు. ఎన్నేళ్లకు ఇస్తున్నారు, కరెంటు బిల్లు ఎవరిది, మార్పులు చేయాలంటే ఎవరి అనుమతి కావాలి అన్న మూడు విషయాలు ఆ ఒప్పందంలో తప్పక ఉండాలి. ఇది చేతికి వచ్చేదాకా ఒక్క పెంక కూడా కదిలించకండి.

తెలంగాణ వారసత్వ పరిరక్షణ చట్టం 2017లో వచ్చింది. అయినా ఒంటి గది బడులు చాలావరకు ఏ రక్షిత జాబితాలోనూ ఉండవు. అంటే దాన్ని కాపాడేది ప్రధానంగా మీ గ్రామసభ తీర్మానమే. దాన్ని తేలిగ్గా రాయించకండి.

సామాను కదపకముందే అంతా రాసి పెట్టుకోండి

నాలుగు గోడలు, మూలలు, తలుపు, కిటికీలు, కప్పు లోపలి వైపు అన్నీ ఫోటోలు తీయండి. ప్రతి ఫోటోలో ఒక స్కేలో టేపో కనబడాలి. ఒక తెల్లకాగితం మీద కొలతలతో గది పటం గీయండి. పగుళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అందులో గుర్తు పెట్టండి.

తలుపు మీదో గోడ మీదో ఉర్దూలో రాసిన పలక ఉంటే గీకకండి. చదవగల పెద్దమనిషిని పిలవండి. నిజాం ఏలుబడిలో ప్రాథమిక బడిని తహ్తానియా అనేవాళ్లు, ఆ మాట కనబడవచ్చు. సంవత్సరం పదమూడు వందల చిల్లర ఉంటే అది నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరం అయి ఉండొచ్చు. ఫసలీ అని తేలితే దానికి 590 కలిపితే ఇంచుమించు ఇప్పుడు వాడే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1340 అని ఉంటే 1930 దగ్గర కట్టినట్టు.

బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు, హాజరు పట్టీలు దొరికితే అవి సర్కారు రికార్డులు. ఇంటికి తీసుకుపోవద్దు, వాట్సాప్‌లో పెట్టవద్దు. వాటిలో కులం, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఉంటాయి. హెడ్‌మాస్టర్‌కో ఎంఈవోకో రాతపూర్వకంగా అప్పజెప్పండి. అనుమతి ఇస్తే పుట ఒత్తకుండా పైనుంచి ఫోటోలు తీసి ఒక నకలు దాచండి.

ఆ గదిలో చదువుకున్న ముసలివాళ్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ఫోన్‌లో మాటలు రికార్డు చేయండి. "బడి గురించి చెప్పండి" అంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. సార్ ఎక్కడ కూర్చునేది, గంట ఎక్కడ వేలాడేది, గంటకు బదులు రైలు పట్టా ముక్క కొట్టేవాళ్లా, కూర్చోవడానికి గోనెపట్ట ఎవరు తెచ్చుకునేది, ఉర్దూ పోయి తెలుగు ఎప్పుడు వచ్చింది, రజాకార్ల రోజుల్లో బడి నడిచిందా, ఇట్లా ఒక్కొక్కటి అడగండి. ఇంకొకటి కూడా అడగాలి: లోపలికి ఎవరిని రానియ్యలేదు? ఎవరు వసారాలో, ఎవరు బయట చెట్టు కింద కూర్చుని పాఠం విన్నారు? ఆ మాట చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. దాన్ని దాచి గొప్పలు మాత్రమే రాస్తే ఊరి చరిత్రలో సగం పోయినట్టే. వాళ్ల మనవలు, మనవరాళ్లు ఇప్పుడు ఏ వేళైనా ఆ గదిలో కూర్చునేలా మీ నియమాలు ఉండాలి.

నీళ్ల దారి మళ్లించండి

చాలామంది మొదట రంగు డబ్బాలు కొంటారు. మీరు ముందు వాన పడేటప్పుడు పోయి ఆ బడి చుట్టూ తిరగండి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. మన ఊళ్లలో ఎక్కువగా కనబడే కారణం సీసీ రోడ్డు. ఉన్నదాని మీద మళ్లీ మళ్లీ పోసేసరికి రోడ్డు పైకి లేచింది, బడి నేల కిందికి పడ్డట్టయింది. వాడ నీళ్లన్నీ గోడ మొదట్లోకి వస్తాయి.

గోడకు ఆనుకుని పేరుకున్న మట్టిని పాత పునాది రాయి కనబడేదాకా తీయించండి. పునాది అంచు కంటే లోతుకు మాత్రం తవ్వకూడదు. గోడ నుంచి మూడడుగుల దాకా నేల బయటికి వాలుగా ఉండాలి, ఆ తర్వాత చిన్న కాలువ తీసి దూరంగా పంపాలి. గోడకు ఆనించి సిమెంటు గట్టు పోయకండి, నేలలోని తేమ బయటికి పోయే దారి లేక గోడలోకే ఎక్కుతుంది. కంకరో మొరమో పరవండి.

గోడ సందుల్లో రావి, మర్రి మొక్కలు మొలిచి ఉంటే పట్టి లాగకండి, వేరుతో పాటు రాళ్లూ వస్తాయి. మొదలు దగ్గర కోసి, వేరు చచ్చేలా మందు పెట్టించి, పూర్తిగా ఎండాక మెల్లగా తీసి ఆ సందు సున్నంతో నింపాలి.

పగుళ్ల సంగతి తొందరపడి తేల్చవద్దు. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు వైపులా అతికించి, పక్కన తేదీ రాయండి. ఒక వానకాలం దాటాక కూడా గాజు పగలకపోతే ఆ పగులు పాతది, నింపితే చాలు. పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం, ఇంజనీరును పిలవాల్సిందే. వరంగల్ ఎన్‌ఐటీ సివిల్ విభాగానికి, పాత కట్టడాలను కాపాడే ఇన్‌టాక్ సంస్థ వరంగల్ శాఖకు ఫోటోలతో ఉత్తరం రాసి సలహా అడగండి. గోడ బయటికి ఉబ్బి కనబడితే మాత్రం గాజు ముక్కలతో పని లేదు, ఇంజనీరు చూసేదాకా లోపలికి ఎవరినీ పంపకండి.

పైకప్పు: మిర్గంలోపు ముగించాలి

జూన్ మొదటి వారం దాటితే మిర్గం (మృగశిర కార్తె), వాన ఎప్పుడైనా పడొచ్చు. కప్పు పని శివరాత్రి తర్వాత మొదలుపెట్టి మే నెలాఖరుకు ముగించేలా చూసుకోండి. ముందు తేనెతుట్టెలు, పాములు, గబ్బిలాలు ఉన్నాయేమో చూడండి. తేనెతుట్టెకు పట్టేవాళ్లను పిలవండి, పొగబెట్టి మంట పెట్టే పని మీరు చేయకండి, ఎండిన వాసాలు అంటుకుంటాయి.

పెంకలు దించే పని కొప్పు (కప్పు పై అంచు) దగ్గర మొదలై వరుస వరుసగా కిందికి రావాలి. పెంకల మీద అడుగు వేయకుండా చెక్కలు పరిచి నడవాలి. దించిన ప్రతి పెంకనూ వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల పగిలింది. బంగ్ల పెంకల వెనక కంపెనీ ముద్ర ఉంటుంది. ఒక కంపెనీ పెంక గాడి ఇంకో కంపెనీ పెంకలో కూర్చోదు. కాబట్టి తక్కువ పడ్డవి కొనేటప్పుడు చేతిలో ఒక పెంక పట్టుకుని పోండి. చుట్టుపక్కల పాత ఇళ్లు విప్పుతున్న చోట అవే పెంకలు దొరుకుతాయి. గూనపెంకలకు కుమ్మరి దొరికితే అదృష్టమే, ముందే చెప్పి పెట్టుకోండి.

పెంకలు దించాక దూలాలు, వాసాలు బయటపడతాయి. నడిమి భాగం చూసి మోసపోవద్దు. దూలం గోడలోకి దిగే కొన దగ్గరే తేమ నిలిచి ముందు పుచ్చుతుంది. స్క్రూడ్రైవర్ కొనతో అక్కడ గుచ్చండి. పాత టేకు బాగుంటే మొన దిగదు. పుచ్చితే అరంగుళం సునాయాసంగా పోతుంది, గోధుమరంగు పొడి రాలుతుంది. కొన మాత్రమే పోతే దూలం మొత్తం మార్చనక్కర లేదు. పాడైన మేర కోసి, కొత్త టేకు ముక్కను ఏటవాలు అతుకుతో, ఇనుప పట్టీలతో బిగించే వడ్లాయన ఉంటే సరిపోతుంది. తిరిగి గోడలో పెట్టేటప్పుడు చుట్టూ కొంచెం గాలి ఆడే సందు వదలాలి, సిమెంటుతో మూసేస్తే పదేళ్లలో మళ్లీ అదే కథ. చెదల మట్టి గొట్టాలు కనబడితే ఒకటి విరిచి చూడండి. లోపల పురుగులుంటే మందు పట్టించండి, ఖాళీగా ఉంటే ఒక నెల గమనించండి.

పైన సిమెంటు రేకులు ఉంటే జాగ్రత్త. పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులను చెడగొడుతుంది. కోయవద్దు, పగలగొట్టవద్దు, రంధ్రం పెట్టవద్దు. నీళ్లతో తడిపి, మాస్కులు పెట్టుకున్నవాళ్లు మేకులు విప్పి ముక్క కాకుండా దించాలి. డబ్బు చాలక ఈ ఏడు పెంకలు వేయలేకపోతే, మంచి టార్పాలిన్ గట్టిగా కట్టి వానకాలం గడపండి. అందులో చిన్నతనం ఏమీ లేదు, నీళ్లు పడకుండా చూడటమే ముఖ్యం.

గోడలు: సిమెంటు సంచి పక్కన పెట్టండి

ఎక్కువ బడులు పాడయ్యేది ఇక్కడే, అదీ మంచి మనసుతో. పాత గోడ రాయి, ఇటుక, మట్టి, సున్నంతో కట్టింది. నేల నుంచి తేమ కొంచెం ఎక్కుతుంది, సున్నపు పూత గుండా ఆరిపోతుంది. మీరు పైన సిమెంటు పూస్తే ఆ తేమకు బయటికి దారి లేదు. ఇంకా పైకి ఎక్కుతుంది, లోపల ఉప్పు పేరుకుంటుంది, నాలుగేళ్లకు సిమెంటు పెచ్చు ఊడిపడుతూ ఇటుక ముఖాన్ని కూడా తీసుకుపోతుంది. మేస్త్రీ "సిమెంటే గట్టి సార్" అంటాడు. సిమెంటు గట్టిదే. పాత గోడ దాని కంటే మెత్తనిది కాబట్టే దెబ్బ గోడకు తగులుతుంది.

వెనకట డంగు సున్నం గానుగలో ఎద్దులతో తిప్పి నూరేవాళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం కలిపేవాళ్లు. గుడుల పనిలో తిరిగిన ముసలి మేస్త్రీలకు ఆ చేయి ఇంకా ఉంది, వెతికి పట్టుకోండి. గానుగ లేకపోయినా పని జరుగుతుంది. రాతిసున్నాన్ని ఇనుప డ్రమ్ములో నీళ్లలో వేసి ఉడకనివ్వాలి. ఎప్పుడూ నీళ్లలో సున్నం వేయాలి గానీ సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు, అది కుతకుత ఉడికి ఎగిసిపడుతుంది. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా ఎవరూ దగ్గరికి పోవద్దు. చిన్నపిల్లలను ఆ రోజు అటు రానియ్యకండి. ఉడికిన సున్నాన్ని జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా కొన్ని వారాలు మగ్గనివ్వాలి. ఎంత మగ్గితే అంత మెత్తగా, వెన్నలా వస్తుంది.

ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు కడిగిన ఇసుక మామూలు లెక్క. తడి తగిలే కింది భాగానికి ఇసుకలో కొంత తగ్గించి బాగా కాలిన ఇటుక పొడి కలిపితే గట్టిపడుతుంది. ముందు అడుగున్నర మేర ఒక మూలన పూసి రెండు వారాలు చూడండి. నెర్రెలిస్తే సున్నం ఎక్కువైంది, వేలికి పొడి అంటితే తక్కువైంది లేదా తొందరగా ఆరింది. పూసే ముందు గోడను బాగా తడపాలి. ఒక్కో పూత అరంగుళం లోపే ఉండాలి. పూశాక తడి గోనెపట్టలు కప్పి కనీసం వారం పది రోజులు తడి ఉంచాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా రాయి అవుతుంది, తొందరపెడితే పొడిగానే మిగులుతుంది. అందుకే ఈ పని ఎండాకాలంలో వద్దు, దీపావళి తర్వాత మొదలుపెట్టి మాఘమాసం లోపు చేయండి. పైన ప్లాస్టిక్ పెయింటు కాకుండా పల్చటి సున్నపు వెల్ల మూడు నాలుగు చేతులు వేస్తే గోడ ఊపిరి పీల్చుకుంటుంది.

పాత వెల్ల గీకేటప్పుడు చూసి గీకండి. పొరల కింద ఎవరో సార్ స్వయంగా రాసిన ఎక్కాలు, అచ్చులు హల్లులు, జిల్లా పటం ఉండొచ్చు. కనబడగానే గీకడం ఆపి, ఆ భాగం చుట్టూ గీత గీసి వదిలేయండి. గోడలోనే ఉన్న నల్లబల్లను కూడా తీయకండి. బొగ్గు, ఆకు పసరు కలిపి రుద్దితే మళ్లీ సుద్దముక్కకు సిద్ధమవుతుంది.

కరెంటు, గడప, మరుగుదొడ్డి

గోడ కోసి పైపులు దాచవద్దు, పైపైనే వేయించండి. ఎర్తింగ్, షాక్ కొడితే ఆగిపోయే బ్రేకర్ తప్పనిసరి. మీటరు సొసైటీ పేరునో పంచాయతీ పేరునో ఉండాలి, పక్కింటి నుంచి తీగ లాగవద్దు. చక్రాల కుర్చీ ఎక్కేలా వాలుబాట కావాలి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్క. మరుగుదొడ్డి పాత గోడకు దూరంగా విడిగా కట్టండి. షాబాదు బండలు కదిలి ఉంటే లేపి సర్ది పెట్టండి, వాటి మీద టైల్స్ వేయకండి.

డబ్బు, చేతులు

శ్రమదానం ఊడ్చడానికి, మట్టి తీయడానికి, పెంకలు అందించడానికి బాగుంటుంది. కప్పు, సున్నం, కరెంటు పనులకు చేయి తిరిగినవాళ్లకు కూలి ఇచ్చి చేయించండి. వాళ్ల పక్కన ఇద్దరు ఊరి పిల్లలను పని నేర్చుకోవడానికి పెడితే వచ్చే ఏడు మీకు మేస్త్రీ కోసం వెతుకులాట తగ్గుతుంది.

చందా వసూలుకు సొసైటీ పేరు మీద బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకం ఉండాలి. ప్రతి నెలా జమాఖర్చు కాగితం బడి తలుపుకు అంటించండి, అదే ఫోటో గల్ఫ్ వాళ్ల గ్రూపులో పెట్టండి. బొగ్గు గనుల వైపు ఊళ్లయితే సింగరేణిని అడిగి చూడండి, ఎమ్మెల్యే, ఎంపీ నిధులకూ దరఖాస్తు పెట్టండి. అయితే ఆ నిధులతో కొత్త స్లాబు పోస్తామంటే ఒప్పుకోకండి. పాత గోడలు ఆ బరువు కోసం కట్టినవి కావు. దాతల పేర్లన్నీ ఒకే పలక మీద, ఒకే సైజు అక్షరాల్లో రాయించండి. పది రూపాయలిచ్చినామె పేరు కూడా అందులో ఉండాలి.

తెరిచాక

ప్రారంభానికి సెప్టెంబర్ 9 మంచి రోజు, కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజుకే పేపర్లు, పుస్తకాలు, పరీక్షల మ్యాగజైన్లు వచ్చి ఉండాలి. ఖాళీ గదికి రిబ్బన్ కత్తిరించకండి.

తాళం చెవులు మూడు చేయించండి. ఒకటి పంచాయతీలో, ఒకటి రోజూ తెరిచే మనిషి దగ్గర, ఒకటి బడికి దగ్గరి ఇంట్లో. తెరిచే మనిషికి ఎంతో కొంత నెలకు ఇవ్వండి. ఊరికే చేయమంటే మూడో నెలకు ఆగిపోతుంది, ఆ తప్పు ఆ మనిషిది కాదు. ఒక పుస్తకం పెట్టి ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏ మూలన తడి కనబడిందో అందులోనే రాయించండి.

ఏటా మే నెలలో పెంకలు సర్దడం, కాలువ తీయడం. వానలో ఒకసారి చుట్టూ తిరిగి చూడటం. దసరా ముందు వెల్ల, చెదల తనిఖీ. సంక్రాంతికి గ్రామసభలో లెక్క చెప్పి, వచ్చే ఏడు తలుపు తెరిచే మనిషి పేరు తీర్మానంలో రాయించండి.